అడిగి రా బిడ్డా

టీచరమ్మ పోయిందన్న కబురు మాదన్నపేట మార్కెట్లో తెలిసింది. సాయంత్రం బీరకాయలు ఏరుకుంటున్నాను. ఆమె ఇంటికి రోజూ కూరగాయలు పంపే భాయ్ తూకం ఆపి, "టీచరమ్మా గుజర్ గయే, అమ్మా. సుబే," అన్నాడు. ఇవాళో రేపో వినాల్సిన మాటేనని తెలుసు. అయినా బీరకాయ చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. వెనకున్నావిడ జరగమని విసుక్కుంది. నా సంచీ భాయే సర్దాడు. తన బిడ్డ కూడా టీచరమ్మ దగ్గర నేర్చుకున్నదేననీ, పొద్దున్నుంచి అన్నం ముట్టలేదనీ చెప్పాడు. డబ్బు ఇవ్వబోతే వద్దన్నాడు.

ఆమె ఇంగ్లీషు నేర్పేది. ఇంగ్లీషంతా కాదు, ప్రశ్నలు అడగడం ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం వంటలు ముగించుకుని మాలాంటి ఆడవాళ్లం ఆమె ముందు గదిలో చేరేవాళ్లం. నేను జాకెట్లు కుట్టేదాన్ని, ఇప్పటికీ అదే పని. జల్‌పల్లి నుంచి ఆటోలో వచ్చేవాళ్లు ఉండేవాళ్లు. బురఖాలు తీసి కిటికీకి తగిలించి కూర్చునేవాళ్లు ఉండేవాళ్లు. మిగతా చోట్ల ఇంగ్లీషు క్లాసంటే నా పేరు ఫలానా, నా ఊరు ఫలానా అని మొదలవుతుంది. టీచరమ్మకు ఆ గొడవ లేదు. "మీ పేరు ఎవనికి కావాలె? జవాబు జెప్పుడు అవతలోళ్ల పని. మనకు అడుగుడు వస్తే చాలు," అనేది.

గ్రామర్ మాట ఆ గదిలో వినపడకూడదు. మాలో పదో తరగతి దాకా చదివిన ఒకావిడ ఓసారి వర్బు, టెన్సు అని మొదలుపెట్టింది. టీచరమ్మ బుగ్గలో లవంగం ఆ పక్కనుంచి ఈ పక్కకు మార్చి, అవి ఏ దుకాణంలో దొరుకుతాయని అడిగింది. ఆవిడ మళ్లీ ఎత్తితే ఒట్టు.

ఆమె పద్ధతి వేరు. ప్లాస్టిక్ స్టూళ్లు వరసగా వేసి ఒక్కో మాటకు ఒక్కో మనిషిని కూర్చోబెట్టేది. నేను 'యు', నా పక్కన 'ఆర్', ఆ పక్కన 'కమింగ్'. ఇది ప్రశ్న కావాలంటే 'ఆర్' లేచి వచ్చి నా ముందు కూర్చోవాలి. మనం తెలుగులో వచ్చినవా, తిన్నవా అని చివరికి గానీ ప్రశ్న బయటపెట్టం, పెద్దోళ్లు అప్పటిదాకా మన మాట వినరు, అందుకే మొదటి మాటతోనే వాళ్లను ఆపాలి అనేది. గొంతు పైకి లేపి అడిగితే ఒప్పుకునేది కాదు. అది అడిగినట్టు ఉండదట, బతిమాలినట్టు ఉంటుందట.

'యు వెంట్' లాగా, వరసలో లేచి రాగలిగిన వాళ్లెవరూ లేకపోతే గడప బయట నిలబడ్డ మనిషిని పిలిచేది. ఆ మనిషి పేరు 'డిడ్'. జల్‌పల్లి నుంచి వచ్చే భారీ మనిషి ఒకావిడ ఆ వేషానికి ఖాయం. 'వెంట్' అయినావిడ చేతిలో ఓ మూట ఉండేది, అది నిన్నటి మూట. 'డిడ్' లోపలికి వస్తూనే మూట లాక్కోవాలి. చేతులు ఖాళీ అయిన 'వెంట్' ఉత్త 'గో'గా మిగులుతుంది. మేమంతా 'డిడ్ యు వెంట్' అనేవాళ్లమే. "మూట ఒక్కటే. ఇద్దరు మోస్తరా ఏంది?" అని కసిరేది. ఆ మూటలో ఏముందంటే ఆమె పాత దుప్పటి. మేం నవ్వీ నవ్వీ స్టూళ్ల మీంచి పడేవాళ్లం. ఆ తప్పు మాత్రం మళ్లీ చేయలేదు.

నవ్వుకునే భాగం అంతవరకే. క్లాసు అయ్యాక ఆమె మమ్మల్ని ఉత్త చేతులతో పంపేది కాదు. ఆ వారంలో ఎవరంటే భయమో వాళ్ల దగ్గరికి వెళ్లి, ఇంగ్లీషులో ఒక్క ప్రశ్న అడిగి రావాలి. ఆసుపత్రి కౌంటరో, కరెంటాఫీసో, బడి ప్రిన్సిపాలో. జవాబు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. వచ్చే ఆదివారం ఎదుటివాడి ముఖం ఎట్లా మారిందో చెప్తే చాలు. "అడిగి రా బిడ్డా, తర్వాత సంగతి తర్వాత," అనేది. ఎగ్గొట్టిన వాళ్లకు చాయ్ ఇచ్చేది గానీ మాట్లాడేది కాదు. ఆ చాయ్ దిగేది కాదు.

నా భయం మలక్‌పేటలో మా బిడ్డ చదివే బడి. చెప్పాపెట్టకుండా దాన్ని వేరే సెక్షన్లో వేశారు. ఎప్పుడు వెళ్లినా ప్రిన్సిపాల్ ఇంగ్లీషులో ఏదో అనడం, నేను తలూపి రావడం. ఆ వారం వెళ్లి, కుర్చీ పట్టుకుని నిలబడి, "వై డిడ్ యు చేంజ్ మై డాటర్స్ సెక్షన్, మేడమ్?" అన్నాను. ఆవిడ కళ్లద్దాలు తీసింది. తీసి, అచ్చ తెలుగులో మాట్లాడింది. ఇన్నాళ్లూ ఆ తెలుగు ఎక్కడ దాచిందో. సెక్షనైతే మార్చలేదు, అది వేరే సంగతి. కానీ పరీక్ష పేపర్లు తెప్పించి, పిల్ల ఎక్కడ వెనకబడిందో చూపించి, నన్ను కూర్చోమంది. టీచరమ్మకు చెప్తే, "కూసోమన్నదా? మస్తు," అంది. ఆమె మెచ్చుకోలు అంతకు మించి ఉండదు. నాకు ఆ పూటంతా నేల మీద కాలు నిలవలేదు.

ప్రశ్నలే ఎందుకని ఓసారి నేనే అడిగాను. అందరూ వెళ్లిపోయారు, ఇద్దరం స్టూళ్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాం. ఆమె చేతులు ఆగలేదు. భర్త ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరు వరండాలోకి పిలిచి ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడట. ఆఖరికి, ఏమైనా అడుగుతారా అన్నాడట. అప్పటికి ఈమె చిన్న బడిలో తెలుగు చెప్పే పంతులమ్మ. అడిగితే చదువు రాదని తెలిసిపోతుందని సిగ్గు. 'నో సార్, థాంక్యూ సార్' అని, భర్తకు ఇడ్లీ తేవడానికి కిందికి దిగింది. తిరిగొచ్చేసరికి ముఖం మీద దుప్పటి కప్పి ఉంది.

"దగ్గర కూసోమని జెప్పిండట బిడ్డా, ఆఖరి గడియలని. నర్సమ్మ తర్వాత జెప్పింది. పెనిమిటి చచ్చిపోతున్నడని జెప్పినోనికి నేను థాంక్యూ జెప్పిన."

పై స్టూలు వంకరగా ఉంటే సర్ది, తలుపు వేసుకుంటాను, వెళ్లమంది. నేను ఆమెను పట్టుకుని ఏడ్చి ఉండాల్సింది. ఆమె ఏడవనిచ్చే మనిషి కాదు.

ఈమధ్య ఆమెకు కడుపులో క్యాన్సర్ ముదిరిందని తెలిసింది. పిల్లల్లేరు. ఆమె చెల్లెలు, నేను వంతులవారీగా ఆసుపత్రిలో ఉన్నాం. టీచరమ్మ మూలిగేది కాదు. ఎట్లా ఉందంటే బాగానే ఉందనేది. ఒక పొద్దున ఇద్దరమూ ఉండగా పెద్ద డాక్టరు చిన్న డాక్టర్లను వెంటేసుకుని వచ్చి, ఆమె తల మీదుగా ఇంగ్లీషులో మాట్లాడుకుని, చెల్లెలి వైపు తిరిగి రెండు ముక్కలు అన్నాడు. చెల్లెలు చేతులు జోడించింది. వాళ్లు కదలబోతున్నారు. ఎదురుగా వెళ్లి అడిగాను. "ఈజ్ షీ గోయింగ్ టు లివ్, సార్?"

ఆయన ఆగాడు. ఎక్కువ రోజులు లేవనీ, చూడాల్సిన వాళ్లను పిలిపించుకోమనీ తెలుగులో నెమ్మదిగా చెప్పాడు. చెల్లెలు గోడకు ఆనుకుని కూలబడింది. వాళ్లు వెళ్లిపోయారు.

టీచరమ్మ కళ్లు తెరిచే ఉంది. అంతా విన్నది.

"అది నాకు ఎరుకే," అంది. "ఎరుకైనది ఎందుకు అడిగినవ్? నొప్పి సంగతి అడగకపోతివి. ఇది తగ్గిస్తరా లేదా అని. నాకు ఓపిక లేదు. పోయి అడుగు."

నొప్పి అన్న మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి. అప్పుడు చూశాను ఆమె చెయ్యి. మంచం పక్క ఇనుప కడ్డీని బిగించి పట్టుకుని ఉంది, వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి. ఎన్ని రోజులుగా అట్లా పట్టుకుందో.

పరుగెత్తాను. డాక్టర్లు లిఫ్టులో ఉన్నారు, తలుపులు మూసుకుంటున్నాయి. మధ్యలో చెయ్యి పెట్టాను. తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. లోపల ఉన్న వాళ్లంతా నన్నే చూస్తున్నారు. "కెన్ యు స్టాప్ హర్ పెయిన్?" అన్నాను. సార్ అనడం కూడా మరిచిపోయాను. పెద్ద డాక్టరు గడియారం చూసుకున్నాడు. తర్వాత లిఫ్టులోంచి బయటికి వచ్చాడు.

మందు మార్చారు. నర్సు సూది వేసి వెళ్లింది. ఆ తర్వాత ఆమె ఉన్న కొద్ది రోజులూ నిద్రలోనే గడిచాయి, చెల్లెలి వంతు రోజున నిద్రలోనే పోయింది. ఆమె నాకు ఇచ్చినదానికి నేను తిరిగి ఇవ్వగలిగింది ఆ నిద్ర ఒక్కటే.

ఆ పొద్దున సూది పడ్డాక నేను పక్కనే కూర్చున్నాను. చాలాసేపటికి కడ్డీ మీద పట్టు సడలింది. ముందు చిటికెన వేలు, తర్వాత మిగతావి. చేతిని తీసి నా ఒళ్లో పెట్టుకున్నాను. అరచేతికి అడ్డంగా కడ్డీ అచ్చు ఎర్రగా పడి ఉంది. ఎంత నిమిరినా పోలేదు.