అక్క లెక్కల ఢిల్లీ రెండు గంటలే

అందరు మంచిగున్నరా? తెల్లాపూర్‌కు పోయిన వదినా, నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? కొత్తగూడల ఉన్న చెల్లె, నీ షుగర్ ఎట్లున్నది, గోలీలు మర్చిపోతలేవు గదా? నీ మనుమరాలి దగ్గు నిమ్మళించిందా? ఊకె అడుగుతున్నననుకోకుండ్రి. ఈ నడుమ ఎవరి ఫోన్ మోగినా నా గుండె దడదడ అంటున్నది. నానక్‌రామ్‌గూడల మన పాత గల్లీ మూలింటి అక్క పోయింది. పొద్దుగాల ఛాతీల బరువన్నది, దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది.

ఒంటరిగ ఉండే అక్కకు ఒక్కతే బిడ్డ, ఢిల్లీల నర్సు. ఆ పిల్ల మొదటిసారి పోయిన దినం నేను పరేషానై, "రోడ్డు మీదైతే పదిహేను వందల కిలోమీటర్ల పైనేనట, గంత దూరమేందక్కా" అన్న. "కిలోమీటర్లు నాకెందుకే, గంటలు చెప్పు. విమానంల రెండు గంటలు, మీదికెళ్లి ఓ పావుగంట. నువ్వు ఆటోల కొత్తగూడ చౌరస్తా దాటేలోపు నా బిడ్డ నాగపూర్ దాటుతది" అని నవ్వింది.

నవ్వుడే గాని, చేరిన అని బిడ్డ ఫోన్ చేసేదాక చీపురు ముట్టకపోయేది. ఊరికి పోయినోళ్లు చేరకముందు ఇల్లు ఊడ్వం గదా మనం. బస్సుల దినాలల్ల సాయంత్రందాక చెత్త అట్లనే ఉండేది. "విమానాలొచ్చినంక ఇల్లు జల్ది శుభ్రమైతున్నది" అనేది. నేను మాత్రం కారు దొరికిందా, రూముకు చేరిందా అని అడుగుతనే ఉంటి. "నీ ఫికర్ ఎక్కిస్తే ఆ విమానం లేవదే తల్లీ" అని చాయ్ చేతిల పెట్టేది. నా భయమంత ఆమె ముంగట దించి నేను నిమ్మళంగ ఇంటికొచ్చేదాన్ని. ఇగ ఎవరి ముంగట దించాలె?

అక్క పోయిన దినం ఢిల్లీల పొగమంచు. పిల్ల ఎయిర్‌పోర్టుల కూసున్నది, విమానం లేస్తలేదు. ఇక్కడ పొద్దు వాలుతున్నది. "చీకటి పడకముందే తియ్యాలె, ఎంతసేపని ఆగుతం?" అన్నడు అక్క మరిది. ఎప్పుడూ భయపడే నేనే, "రెండు గంటలే గదన్నా, తల్లి మొఖం చూసుకోనియ్యుండ్రి" అని బతిమాలిన. జరసేపు ఆగిండ్రు. పొద్దు గూకే యాల్లకు ఫోనొచ్చింది, ఇప్పుడే లేస్తున్నమని. ఇగ ఆగలే. తీస్కపోయిండ్రు.

శవం లేచినంక ఇల్లు కడగాలె. ఆడోళ్లు బకెట్లు, చీపుర్లు పట్టుకొచ్చిండ్రు. నేను గడపకు అడ్డం కూసున్న.

"ఇదేందమ్మా, మైల గదా, జరుగు" అన్నది అక్క తోటికోడలు.

"పిల్ల తొవ్వల ఉన్నది. చేరందే ఈ ఇంట్ల ఊడ్వద్దు. అక్క ఉంటె ఊడ్వనిచ్చేదా?"

ఆమె బకెట్ తెచ్చి గడప మీదనే పెట్టింది. నేను లేవలే.

పిల్ల వచ్చింది. బ్యాగు భుజానికే ఉన్నది. తల్లిని పండబెట్టిన జాగల పూలరెక్కలు, బియ్యం గింజలు ఎట్లున్నయి అట్లనే ఉన్నయ్. ఆ నేలకు చెంప ఆనిచ్చి పండుకున్నది. చానసేపటికి లేచి, నా దిక్కు చూసి, "చిన్నమ్మా, నేను చేరిన" అన్నది.

అప్పుడు చీపురు పట్టిన.

నెల మాసికానికి పిల్ల మళ్ల వస్తున్నది. తల్లి లేని ఇంటి ముంగట అది ఒక్కతే నిలబడి తాళం తియ్యొద్దు. మీరంత రాండ్రి. ఫ్లైఓవర్ కాడ బండ్లు ఆగుతయ్, జర ముందే బయల్దేరుండ్రి. వచ్చే ఆదివారం, పొద్దుగాలనే.