పాచి పిడకలతో పుట్టింటికి

శుక్రవారం, పట్టపగలు పన్నెండు గంటలు. చింతామణిలో వేరుశెనగ మిల్లు కూత పెట్టింది, మా వంటింట్లోంచి చేపల వాసన లేచింది. మాది శెట్ల ఇల్లు, ఉల్లిగడ్డ కూడా వారం చూసుకుని తరిగే ఇల్లు. నయాపైసలు కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో మీట తిప్పితే మంట వచ్చేది కాదు, కోడలు ఊదితే వచ్చేది. ఆ కోడలిని నేనే. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. (అరవై దాటినాక మనవరాలి పలక మీద నేర్చుకున్నాను. ఇందులో ఒత్తులు తప్పితే దాన్నే అడగండి.)

ఆ యేడు ముసురు వదిలి ఎండ కాసినా కట్టెల లోపలి చెమ్మ ఆరలేదు. బాగేపల్లిలో, మా పుట్టింట్లో, చెల్లెలికి సీమంతం పెట్టుకున్నారు. పోయొస్తానని అత్తమ్మను అడిగితే, "పోవద్దంటినా? ఈ పచ్చికట్టెలు ఎవురు ఊదేది? నాకా ఆయాసం. ఊదకుండా మండేది ఏదన్నా తెచ్చిపెట్టి పో తల్లీ" అంది. అట్లాంటిది లోకంలో లేదని ధైర్యం ఆమెకు. చెడ్డ మనిషి కాదు, పొయ్యికి భయపడేది, అంతే.

మరునాడు భోజనాల దగ్గర మా ఇంటాయన అంగడి కబుర్లు చెప్పాడు. ఇస్కూలు సైన్సు మేష్ట్రు బెల్లానికి వచ్చి, పాచి గురించి పెద్ద పాఠమే చెప్పిపోయాడట. "పాచిలో నూనె ఉండాదంట అమ్మా. దున్నేది లేదు, విత్తేది లేదు. మురికి నీళ్ళూ ఎండా ఉంటే చాలంట, తీసేకొద్దీ పెరగతాదంట. ఎండబెడితే మండతాదంట. ముందుముందు దాంతో మోటారు బండ్లు తోలతారంట!"

"మీ మేష్ట్రుకు ఎండదెబ్బ తగిలినట్లుండాది, రెండు చెంబుల మజ్జిగ పంపించు" అంది అత్తమ్మ. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మండుతుందన్న మాట దగ్గరే నా మనసు బాగేపల్లి బస్సెక్కి కూర్చుంది.

పెరటి తొట్టిలో గీకిన పాచి గుప్పెడు కూడా కాలేదు. బట్టలు ఉతికే వంకతో ఊరి బయటి కుంటకు పోయి గంపెడు తెచ్చాను. పేడలో కలిపి పిసికి, పెరటి గోడకు జొన్నరొట్టెలంత పిడకలు కొట్టాను. (మేష్ట్రు పేడ మాట చెప్పలేదు. మా ఇళ్ళలో మండేదేదైనా పేడతో కలవాల్సిందే.) "గోడకు గజ్జి లేచినట్లుండాదే" అని అత్తమ్మ రోజూ అనేది. నేను రోజూ తిరగేసి ఎండబెట్టేదాన్ని.

ఆ శుక్రవారం చెప్పాపెట్టకుండా అత్తమ్మ అన్న, మా చిక్కబళ్ళాపురం మామ, బస్సు దిగాడు. మడి కట్టనిదే మంచినీళ్ళు ముట్టని మనిషి. చూస్తే కట్టెలు మొరాయించాయి. పొగకు అత్తమ్మ కళ్ళు కారిపోతున్నాయి. "ఒక్కటి వేసి చూస్తా అత్తమ్మా" అని నా పిడకలు రెండు పొయ్యిలో పెట్టాను. అంటుకున్నాయి. ఊదకుండానే! అన్నం కుతకుతలాడింది. అత్తమ్మ నన్ను కొత్తగా చూసినట్టు చూసి, "ఏమే, ఇది నిజంగానే మండతాండాదే!" అంది.

"అయితే బాగేపల్లి?" అన్నాను, ఇంకొక్క క్షణం ఆగకుండా.

ఆమె జవాబు చెప్పేలోపే ఎదురింటి ముక్కమ్మ వాకిట్లోకి వచ్చింది. ఎవరింట్లో ఏ చారు కాగుతున్నదో తన అరుగు మీద కూర్చునే చెప్పేది కాబట్టి ఆమెకు ఆ పేరు.

"ఏమమ్మా శెట్టెమ్మా, చేపలు యాడివమ్మా మీ ఇంట్లో?"

"చేపలేంది? నా కోడలు పిడకలు కాలస్తాండాది!"

"పిడకలు చేపల కంపు కొడతాయా?" అంటూ ముక్కమ్మ నేరుగా పెరట్లోకి నడిచి, గోడ మీది పిడక ఒకటి పెరికి ఫెళ్ళున విరిచింది. లోపల రెండు పరక చేపలు, ఎండి, పక్కపక్కన పడుకుని ఉన్నాయి. కుంటలోంచి పాచితోపాటు వచ్చేసినట్టున్నాయి పాపం.

ఆకు ముందు కూర్చున్న మామ లేచి నిలబడ్డాడు. "చెల్లీ, ఆ అన్నం ఏ మంట మీద ఉడికిందమ్మా?"

"అన్నంలో లేవు మామా, మంటలోనే ఉండాయి" అన్నాడు మా ఇంటాయన, సర్దిచెబుదామని. మామ అరటిపండ్లు తిని మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయాడు.

అత్తమ్మ నా వైపు తిరిగింది. బాగేపల్లి ఆశ పోయినట్టే అనుకున్నాను. "దీన్ని పుట్టింటికి పంపించెయ్యిరా! వంటిల్లు కడిగి, ఈ కంపు వదిలేదాకా దీని నీడ పొయ్యి మీద పడకూడదు!" అంది కొడుకుతో. నేను కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. (ఏడవడం ధర్మం కదా. కొంగు వెనక ఏముందో నాకే తెలుసు.)

చెల్లెలికి గాజులు తొడిగి, పాటలు పాడి, తిరిగొచ్చేసరికి పెరటి గోడ బోడిగా ఉంది. పిడకలేవని అడిగాను. అత్తమ్మ చేటలోంచి తల ఎత్తలేదు.

"నీళ్ళ పొయ్యిలో వేసినా, ముక్కమ్మ ఊర్లో లేనప్పుడు. మంట మాత్రం బాగుండాది." చేట ఒకసారి తట్టి, "ఈసారి కుంటకు పోతే గుడ్డలో వడగట్టి తే తల్లీ" అంది.

మొన్న పత్రికలో కూడబలుక్కుని చదివాను. పాచిలోంచి నూనె తీస్తున్నారట. తిండి పండే భూమి దానికి అక్కర్లేదట, మురికి నీళ్ళే చాలట. అదే పాఠం మేష్ట్రు మా అంగట్లో బెల్లం కొంటూ చెప్పాడు. చేపల సంగతి మాత్రం పత్రికలోనూ లేదు.

ఆ రోజు అక్కడున్నవాళ్ళు: పొయ్యి ముందు అత్తమ్మ, ఆకు ముందు చిక్కబళ్ళాపురం మామ, గడపలో మా ఇంటాయన, చేతిలో పిడకతో ముక్కమ్మ, పిడకలో రెండు పరక చేపలు, మూలన కొంగు నోట్లో కుక్కుకుని ఒక పిల్ల. వాళ్ళలో ఇప్పుడు ఆ పిల్ల ఒక్కతే మిగిలింది. గ్యాసు పొయ్యి వెలిగించేటప్పుడు ఇప్పటికీ దాని నోరు సున్నా చుట్టుకుంటుంది, ఊదడానికి.