నీటి మీద ఉన్నవాడి పేరు

ఎల్లాజీకి సముద్రం పడలేదు. పూడిమడకలో చేపల వేటగాళ్ల ఇంట పుట్టి కూడా పడవెక్కితే వాంతి చేసుకునేవాడు. అందుకే అనకాపల్లిలో గది అద్దెకు తీసుకుని, పరవాడ మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరాడు. పడవ తమ్ముడు చిన్నబాబుది. తల్లి కాసులమ్మ చేపలు అనకాపల్లిలో అమ్మి, సాయంత్రం పెద్దకొడుకు గదికొచ్చి నడుం వాల్చేది.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. పడవ నీళ్లలోకి దిగింది మొదలు మళ్లీ ఒడ్డు తాకేదాకా, వెళ్లినవాడి పేరు ఎవరూ పలకరు. 'మనోడు' అంటారు, అంతే. పేరు వింటే సముద్రం నేర్చుకుంటుందట. నేర్చుకున్నాక ఇంట్లోవాళ్ల గొంతుతోనే పిలుస్తుందట. పిలిచినా పలకకూడదు.

ఏప్రిల్ మొదట్లో కంపెనీ బస్సులో త్రినాథ్ కొత్త సరదా పెట్టాడు. ల్యాబ్‌లో పనిచేసే అతనికి క్రికెట్ టీములు కట్టీ కట్టీ విసుగొచ్చింది. అమెరికాలో పెద్ద గోల్ఫ్ పోటీ. తలా ఆరుగురు ఆటగాళ్లను ఫోన్‌లో ఎంచుకోవాలి. వాళ్లు బాగా ఆడితే మనకు పాయింట్లు. గెలిచినవాడికి అందరూ కలిసి బిర్యానీ. బస్సులో ఆ ఆట చూసినవాడు ఒక్కడూ లేడు. ఎల్లాజీ మొహాలు చూసి, కర్ర పట్టుకుని నిలబడే తీరు చూసి ఎంచుకున్నాడు. పేర్లకు మాత్రం నోరు తిరగలేదు. తమ్ముడి పడవలోనూ ఆరుగురే కదా, ఆ పేర్లే పెట్టేశాడు. ఎడమచేతి వాటం పొడుగాటివాణ్ణి కెప్టెన్ చేసి చిన్నబాబు అన్నాడు. తమ్ముడిదీ ఎడమచెయ్యే. బస్సులోవాళ్లకూ ఆ పేర్లే అలవాటయ్యాయి.

వేసవిలో రెండు నెలలు ఉండే చేపల వేట నిషేధానికి ముందు ఆఖరి వేటకని ఆ పడవ మంగళవారమే వెళ్లింది. ఎల్లాజీకి తెలుసు. బంతి కొట్టేవాడు వేరు, వల వేసేవాడు వేరు అనుకున్నాడు.

గురువారం సాయంత్రం ఆట మొదలైంది. ఫోన్‌లో ఆ పచ్చదనం కలలో గడ్డిలా ఉంది. గాలి లేదు. చెట్ల నీడలు కదలడం లేదు. కెప్టెన్ కొట్టిన బంతి మెల్లగా దొర్లి, ఎవరో రమ్మన్నట్టు చెరువులోకి దిగిపోయింది.

"ఓరి సిన్నబాబూ" అన్నాడు ఎల్లాజీ, గట్టిగానే.

తట్ట కడుగుతున్న కాసులమ్మ చేతులు ఆగిపోయాయి. "ఎవర్ని పిలత్తన్నావురా?"

ఆటగాడని చెప్పాడు.

"ఆడికి అమ్మాబాబూ ఎట్టిన పేరు లేదేటి? మనోడు నీటి మీదున్నాడు."

తెర మీద ఆ పొడుగాటివాడు చెరువు అంచున వంగి ఉన్నాడు. బంతిని వెతుకుతున్నట్టు లేదు. ఏదో వింటున్నట్టు ఉంది.

ఆట మొదలయ్యాక టీము మార్చడానికి లేదు. పేరైనా మార్చాలని, శుక్రవారం పొద్దున్న ఆ ఆటగాడి అసలు పేరు వల్లె వేసుకుంటూ ఎల్లాజీ బస్సెక్కాడు. తెల్లారేసరికి కెప్టెన్ పుంజుకుని పైకొచ్చాడట. బస్సంతా సిన్నబాబూ, సిన్నబాబూ అని ఒకటే గోల. ఆపమని బతిమాలాడు.

"పిలిత్తే పేరు అరిగిపోద్దేటి బావా?" అన్నాడు త్రినాథ్.

అందరూ నవ్వారు. ఉప్పుగాలి తగిలే మలుపులో వెనకసీట్లవాళ్లు ఆ పేరే మళ్లీ అందుకున్నారు.

శనివారం రావలసిన పడవ రాలేదు. ఫోన్లు కలవలేదు. ఆదివారం పొద్దుటినుంచీ తల్లీకొడుకులు ఒడ్డున నిలబడ్డారు. మధ్యాహ్నం దాటాక పడవ కనిపించింది. ఆరుగురూ దిగారు.

చిన్నబాబు నవ్వుతూనే చెప్పాడు. శుక్రవారం పొద్దున్న ఇంజను ఆగిపోయిందట. చుట్టూ తెల్లటి పొగమంచు. ఆ మంచులోంచి అన్న గొంతు తనను పిలిచిందట. పక్కవాళ్లెవరికీ వినపడలేదట. తను పలకలేదట.

"ఆ తరవాత శానామంది పిలిసేరన్నా, పెళ్లిబస్సులోలాగ నవ్వుతా. అంతమంది నవ్వుతుంటే మనోళ్లే అనుకున్నాను. పలికేను."

కాసులమ్మ నెమ్మదిగా అడిగింది. "ఏటని పలికేవు?"

"వత్తన్నానని."

ఆ వారం ఎల్లాజీ టీమే గెలిచింది. బిర్యానీ వద్దన్నాడు. నిషేధం మొదలైన రోజే తమ్ముణ్ణి అనకాపల్లి తెచ్చి, మార్కెట్లో మూటలెత్తే పని చూశాడు. ఇక్కడికి అలల చప్పుడు రాదు. చిన్నబాబు బాగానే ఉన్నాడు. తింటాడు, అన్నను ఆటపట్టిస్తాడు. కంచం ఎటు పెట్టినా, తనకే తెలియకుండా సముద్రం ఉన్న వైపుకి తిరిగి కూర్చుంటాడు. ఒక్కోసారి మాట మధ్యలో ఆగి తలుపు వైపు చూస్తాడు. ఎవరినో బయట నిలబెట్టి ఆలస్యం చేస్తున్నందుకు నొచ్చుకున్నవాడిలా, చిన్నగా నవ్వుతాడు.