సింహాచలం మాస్టారి చిటికెడు సున్నం

పొడి సున్నం మీద నీళ్ళు పడగానే, అప్పుడే వెల్ల వేసిన గోడ పక్కన నిలబడినట్టు ఒక చల్లటి వాసన వస్తుంది. విజయనగరంలో మా అద్దింటి బాల్కనీలో టమాటా బకెట్టుకు సున్నం కలిపినప్పుడల్లా ఆ వాసనతో పాటు సింహాచలం మాస్టారు కూడా వస్తారు. దెయ్యంగా కాదు, ఆయనకంత తీరిక ఉండదు. "ఒరే, మొక్క మొదట్లో ఎయ్యకు, అంచుకెయ్యి" అని చెప్పేసి వెళ్ళిపోతారు.

చీపురుపల్లిలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్లు చెప్పే రోజుల్లో నేను మాస్టారి మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. మాస్టారు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత పక్షవాతం వచ్చి కుడిచెయ్యి సగం మాట వినడం మానేసింది. మట్టి పిసికితే వేళ్ళకు బలం వస్తుందని డాక్టరు చెబితే, ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, పేడ ఎరువు కలిపి డాబా మీద పాత రంగు డబ్బాల్లో వంగ, టమాటా, మిరప వేశారు. రోజూ రెయిలింగు పట్టుకుని మెట్లెక్కి వచ్చి ఆ మట్టిని కెలుకుతూ కూర్చునేవారు. నెమ్మదిగా చొక్కా గుండీ కూడా తనే పెట్టుకోగలిగారు. ఆ రోజు ఆయన భార్య పైడితల్లి పిన్ని వీధిలో అందరికీ చెప్పింది. అవతలి వీధివాళ్ళు పెళ్ళి సంబంధం ఏదో కుదిరిందనుకున్నారు.

అంతా బాగుందనుకుంటూండగా మొక్కలు పసుపుపచ్చగా మారాయి. పూత రాలిపోయింది. పిన్ని నాలుక బయటపెట్టిన దిష్టిబొమ్మ ఒకటి తెచ్చి డాబా మీద కట్టింది.

"ఓలమ్మో, ఎవులి కళ్ళు పడ్డాయో గానీ, మొత్తం దిష్టి తగిలిపోనాది బాబూ."

"దిష్టి తగలాలంటే ముందు ఒక కాయైనా కాయాలి కదా పిన్నీ" అన్నాను.

పిన్ని నవ్వింది. మాస్టారు నవ్వలేదు. తన కుడిచేతిని ఎవరిదో వస్తువులా ఒళ్ళో పెట్టుకుని చూస్తూ, "దిష్టీ లేదు, గిష్టీ లేదు. నా సెయ్యే సచ్చిపోనాది. ఈ సేత్తో ఏటేసినా బతకదు" అన్నారు.

మర్నాటి నుంచి ఆయన మేడెక్కడం మానేశారు. చొక్కా గుండీలు మళ్ళీ పిన్నే పెట్టడం మొదలుపెట్టింది. మొక్కలు పోతే పోయాయి, సంతలో వంకాయలకు కరువేం లేదు. కానీ మాస్టారు ఆ కుర్చీలో అలాగే ఉండిపోతారేమోనని పిన్నికీ నాకూ భయం వేసింది. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే.

"మాస్టారూ, మీ చెయ్యి పడితే మొక్క చస్తుందంటున్నారు కదా. మా బడి ఆవరణంతా వయ్యారిభామ కలుపు పెరిగిపోయింది. ఒక్కసారి వచ్చి నిమిరితే హెడ్మాస్టరు మీకు శాలువా కప్పుతాడు" అన్నాను.

మూతి ఒకవైపే నవ్వింది. "ఎదవా, పద, సూద్దాం" అంటూ లేచారు.

డాబా మీదకు వచ్చాక ఆయన పాలిపోయిన మొక్కల వైపు చూడలేదు. నీళ్ళ ట్యాంకు వెనక ఇరుకులో ఉన్న ఒక వంగ డబ్బాను చూశారు. అది పచ్చగా నవనవలాడుతోంది.

"అన్నింటికీ ఒకే మట్టి కదరా. మరి దీనికి ఎవులు ఏటేసారు?"

"ఎవరూ ఏమీ వెయ్యలేదు మాస్టారూ. అక్కడిదాకా ఎవరి చెయ్యీ అందదు. దానికి వానే దిక్కు."

ఆయన ముఖంలో పాఠం చెప్పే మనిషి తిరిగొచ్చాడు. కిందనుంచి లిట్మస్ కాగితాలు తెప్పించారు. రెండు గ్లాసుల్లో రెండు డబ్బాల మట్టి వేసి, వాననీళ్ళతో కలిపి, తేరనిచ్చి ముంచాం. ట్యాంకు వెనక మట్టిలో నీలం కాగితం పెద్దగా మారలేదు. పాలిపోయిన మొక్క మట్టిలోది ఎర్రబడింది.

"మట్టి పులిసిపోనాదిరా. ఎవులో ఏదో పోత్తన్నారు."

సరిగ్గా అప్పుడే పిన్ని చెంబుతో మెట్లెక్కి వచ్చింది. చెంబులో తరవాణి. గంజిని కుండలో పులియబెట్టి పొద్దున్నే తాగడం మా వైపు అలవాటు. మిగిలినదాన్ని కాలవలో పారబోయరు, మొక్క మొదట్లో పోస్తారు. "మీరు మేడెక్కినా ఎక్కకపోయినా నాను మానలేదండీ. మీకు జబ్బు సేసిన కాడ్నించీ రోజూ పోత్తన్నాను, బలమొస్తాదని" అంది.

నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంది. మంచిదే. నోరు తెరిచేలోపు మాస్టారు ఎడమచేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"ఒసే, బలమంతా మొక్కలకే పోసేత్తే మరి నాకో?"

"మీకు తరవాణి గిట్టదు కదండీ! పెళ్ళైన కాడ్నించీ ముట్టుకోలేదు!"

"డాక్టరు తాగమన్నాడే. రేపట్నించి ఆ సెంబు నాదే."

డాక్టరు అలాంటిదేమీ అనలేదు. పిన్ని మురిసిపోతూ కిందకి దిగాక, నిజం చెప్పేస్తే సరిపోయేది కదా అన్నాను.

"నాను పడిపోనాక అది మోకాళ్ళ నొప్పులతో ఈ మెట్లెక్కి మరీ పోసిందిరా. ఇప్పుడు దానికి, మొక్కల్ని సంపింది నువ్వేనే అని సెప్పమంటావేటి?"

సంతలో తమలపాకుల దుకాణం నుంచి గుల్ల సున్నం పొడి తెచ్చాను, ఇల్లంతా వెల్ల వెయ్యడానికి సరిపోయేంత. గుప్పెడు వెయ్యబోతే మాస్టారు అదిలించారు. "ఏర్లు మాడిపోతాయిరా. డబ్బాకి సిటికెడు. మొదలుకి తగలకుండా అంచెమ్మట కలిపి నీల్లు పొయ్యి. పేడెరువు ఇప్పుడెయ్యకు, సున్నంతో కలిసిందంటే దాన్లో బలం గాలికి పోద్ది. మల్లీ కాయితం ముంచి సూసి, కావాలంటే అప్పుడే ఇంకో సిటికెడు. పులుపు ఒక్క పూటలో ఎక్కలేదు, ఒక్క పూటలో దిగదు." కుడిచేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని ఆయనే కలిపారు. ఆపరేషన్‌కి వెళ్ళే డాక్టరులా ఉన్నారంటే, "నర్సు నోరు మూసుకోవాల" అన్నారు.

అద్భుతాలేమీ జరగలేదు. మిరప చచ్చిపోయింది. వంగ, టమాటా మాత్రం తొందరేమీ లేనట్టు కొత్త ఆకులు వేశాయి. మాస్టారు రోజూ డాబా మీద మట్టి పిసికారు, కింద తరవాణి తాగారు. అది తాగేటప్పుడు ఆయన ముఖం చూస్తే లిట్మస్ అక్కర్లేదు. మొదటి వంకాయలు కోసిన రోజు పిన్ని, "నాను తరవాణి మానేసినా కాసినాయండీ, గట్టి మొక్కలు!" అంది. మాస్టారు ఎంతో గంభీరంగా తలూపారు.

నిరుడు ఆయన పోయారు. పలకరించడానికి వెళ్తే పిన్ని అరుగు మీద కూర్చుని ఉంది.

"ఆయనకి నా సేతి తరవాణంటే పేణం బాబూ. ఆఖరి వరకూ అడిగి మరీ తాగీవోరు."

జోకులు నేను మానలేదు. కాకపోతే ఒకటి నోటిదాకా వచ్చినప్పుడు, అది ఎవరి చేతి మీద పడుతుందో చూసుకోవడం అలవాటైంది.

"అవును పిన్నీ" అన్నాను. "మొదటిసారి నా ఎదురుగానే కదా అడిగారు."