గట్టు మీద ఒక మనిషి

ఈ ఏడు వానలు ఎంత పడ్డాయంటే, బోర్లొచ్చాక ఎండిపోయి ముళ్లకంపకు నెలవైన మా బావి పైమెట్టు దాకా నిండింది. ఊళ్లో జనమంతా వచ్చి చూసి, ఫోన్లలో ఫోటోలు తీసుకుని పోయారు. నేను మాత్రం అక్కణ్ణుంచి కదల్లేకపోయాను. నాకు దూకాలనిపించింది. యాభై దాటినవాడికి ఇదేం పిచ్చి అనుకుంటారేమో, అనుకోండి.

గట్టు నుంచి బావిలోకి చొచ్చుకొచ్చిన పొడవాటి రాతిబండ ఒకటుంది. ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడిన కాలం నాటిది. మేం దాన్ని దూకుడు బండ అనేవాళ్లం. టీవీలో ఈతగాళ్లు ఎక్కే పలక వంగుతుంది, మనిషిని పైకి విసురుతుంది. మా బండ వంగేదీ కాదు, విసిరేదీ కాదు. ఎగిరే పనంతా మన కాళ్లదే. ఎండకు అరికాళ్లు మాడుతుంటే ఎవడైనా ఎగురుతాడు లెండి!

మా బడి అయ్యవారు "ఈ ఊరు మీకు స్ప్రింగ్‌బోర్డు రా" అనేవారు. మేం తెల్లమొహాలు వేసేసరికి, "మీ దూకుడు బండే అనుకోండి. దాని మీద కాపురం పెట్టకూడదు, దూకి పోవాల" అన్నారు. మా జట్టంతా ఆయన మాట నిలబెట్టింది. ఒకడు గుంతకల్లులో రైల్వేలో చేరాడు. మిగతావాళ్లు బెంగళూరు పట్టారు. బండ మీద కాపురం పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. చెనక్కాయ చేను, రెండు గదుల ఇల్లు. నా భార్య పోయాక రెండో గది తలుపు తీయడం కూడా మానేశాను.

దూకడానికి మాకో కట్టుబాటు ఉండేది. ఒంటరిగా ఎవడూ దూకకూడదు. గట్టు మీద ఒక మనిషి తాడు పట్టుకుని నిలబడాలి. దూకినవాడు నీళ్లలోంచి తేలగానే "ఓ!" అనాలి. గట్టు మీదివాడు తిరిగి "ఓ!" అనాలి. ఆ రెండో కేక వినపడ్డాకే దూకినట్టు లెక్క. అది లేకపోతే ఎంత బాగా దూకినా చెల్లదు, మళ్లీ దూకాల్సిందే.

కాబట్టి నాకు కావలసింది ఒక్క మనిషి. పొద్దున్నే టీ అంగడి దగ్గర అడిగాను. "ఏమప్పా, నీ మోకాళ్లు చూసుకుంటివా?" అని నవ్వారు. గొర్రెలు తోలుకుపోతున్న పెద్దమ్మను బతిమాలాను.

"నేనీడ నిలబడితే నా జీవాలు ఎవురి చేన్లో పడతాయో! తిట్లు నువ్వొచ్చి తింటావా?" అంటూ ఆమె ఆగకుండానే పోయింది.

ఆమె తప్పేముంది? అయినా నాకు కోపమొచ్చింది. పుట్టినప్పట్నుంచీ ఉన్న ఊళ్లో నాకోసం కాసేపు నిలబడే దిక్కు లేదు. బండ మీద కూర్చుంటే ఏడుపు తన్నుకొచ్చింది.

చివరికి చిన్ననాటి స్నేహితుడికి ఫోన్ చేశాను. బెంగళూరులో బాడుగ కారు నడుపుతాడు. అప్పట్లో నేను దూకితే గట్టు మీద ఉండేది వాడే.

"బావి నిండిందా! నిజంగానా?" అని కేకేశాడు. "ఫోను స్పీకర్లో పెట్టి గట్టు మీద పెట్టప్పా. నేనుండా కదా, దూకు!"

"మరి తాడో?"

"తాడు లేదు, నీ తలకాయ లేదు! నీకు ఈత రాదా యేం? దూకప్పా!"

ఎన్నాళ్లకు నవ్వానో. చొక్కా విప్పి దాని మీద ఫోన్ పెట్టి, బండ చివరికి పోయి దూకాను. చెవుల్లో నీళ్లు హోరుమన్నాయి. లోపలి చల్లదనం ఎముకలకు తగిలింది. అబ్బా, ఎంత బాగుందో! పైకి తేలి, ముక్కులో నీళ్లు చీదుకుంటూ గొంతు చించుకుని "ఓ!" అన్నాను.

గట్టు మీద నుంచి వాడి గొంతు వినబడింది. నాతో కాదు. ఎవరో కారెక్కినట్టున్నారు. ఎడమకా, కుడికా అని కన్నడంలో అడుగుతున్నాడు. నేను మళ్లీ "ఓ!" అన్నాను. ఫోన్లో హారన్లు మోగాయి.

మెట్లెక్కి వచ్చి ఫోన్ పక్కన కూర్చున్నాను. ఒంటి మీద నీళ్లు ఆరకముందే వాడికి నేను గుర్తొచ్చాను.

"పాసింజరు ఎక్కినాడప్పా, ఏమనుకోవద్దు. దూకితివా?"

"లేదప్పా," అన్నాను. "నువ్వొచ్చినాక దూకుతా."