కోసి పారేసే గడ్డి

మా చిన్నప్పుడు మా వాకిట్లో గడ్డిపరక ఒక్కటి మొలిచేది కాదు... కానీ ఇల్లంతా కుళ్లిన గడ్డి కంపే.

నాయనది హిందూపురంలో మోటార్ వైండింగ్ అంగడి. బెంగళూరు పాత సామాన్ల అంగళ్లు గాలించి, ఎవరో వదిలేసిన కరెంటు లాన్ మోవర్లు, అంటే గడ్డి కోసే మిషన్లు, బస్సు టాపు మీద వేసుకొచ్చేవాడు. కాలిన మోటారుకు కొత్త తీగ చుట్టి, బ్లేడు సానబెట్టి, రంగేసి, తోటలున్న బంగళాలకు అమ్మేవాడు.

మిషన్ అడుగు గోకడం మాత్రం నా పని... తిరగేస్తే పేడలాంటి నల్లటి ముద్ద. అందులో తెల్లపురుగులు, కుక్క పియ్యి, ఒకసారి సగం కప్ప. స్క్రూడ్రైవర్‌తో పెళ్లగిస్తుంటే మోచేతుల దాకా కారేది. ఎంత సీకాయ పొడి రుద్దినా, అన్నం ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి అదే కంపు.

"చెయ్యి కడుక్కోకుండానే కూసున్న్యావేమే" అని అవ్వ కసిరేది. కడిగానన్నా నమ్మేది కాదు.

ఒక ఏడు వానల్లేవు. 'గడ్డి కోసే మిషన్ అమ్మబడును' అని నాయన రాయించిన బోర్డు చూసి, రొళ్ల వైపు నుంచి ఒక గొర్రెల కాపరి వచ్చాడు. మేత లేక సగం మందను అప్పటికే సంతకు తోలాడట. ఎండు జొన్న సొప్పను సన్నగా తరిగిపెడితే మిగిలినవైనా నిలబడతాయని ఆయన ఆశ.

"ఇది సొప్ప తరిగేది కాదప్పా. బంగళాల ముందర పచ్చగడ్డి కోసేది" అన్నాడు నాయన.

"కోసి?"

"కోసి పారేస్తారు."

"ఎగతాళి చేస్తాండావా అబ్బా? పచ్చగడ్డి యాడన్నా పారేస్తారా?"

"నిజమేనప్పా."

"అట్లయితే మిషన్ నువ్వే పెట్టుకో. ఆ పారేసే చోటు చూపీ."

నాయన తాను మిషన్ అమ్మిన ఒక గెస్ట్‌హౌస్‌కు ఆయన్ని తీసుకెళ్లాడు. నేనూ వెంటపడ్డాను. వెనక గోడ దగ్గర సంచులు. కాపరి ఒకటి విప్పగానే లోపలి నుంచి ఆవిరి లేచింది... గడ్డి ఉడికి, పులిసి, బంక సాగుతోంది. దాంట్లోనే ముక్కలైన గుట్కా పొట్లాలు, ప్లాస్టిక్ కవర్లు. నేను గోడవారగా కక్కేశాను.

ఆయన మాత్రం గొంతుక్కూర్చుని ప్లాస్టిక్ ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. ఏరినకొద్దీ వస్తూనే ఉన్నాయి...

"మొన్ననే పురుగుమందు కొట్టినారు, సూసుకోప్పా" అన్నాడు వాచ్‌మన్.

ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది. సంచి అక్కడే కుమ్మరించి లేచాడు.

"పచ్చగడ్డిని ఇంత గలీజు చేసేదానికి చేతులెట్ల వచ్చెనో" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

తర్వాతి సంతకు మిగిలిన మందా పోయింది.

ఇప్పుడు మా చుట్టూ అన్నీ వెంచర్లే. గేటు లోపల పచ్చిక, బయట బీడు. కోసిన గడ్డిని నల్ల కవర్లలో కుక్కి చెత్తబండికి ఎక్కిస్తుంటే, ఆ పచ్చిక మీదే నిలబడి సెల్ఫీలు తీసుకునేవాళ్లను చూస్తే ఒళ్లు జలదరిస్తుంది...

మీ వైపు కూడా ఇంతేనా? అలాంటి కవరు ఎప్పుడైనా విప్పి చూసినవాళ్లుంటే చెప్పండి... లోపల ఒక్క గొర్రె తినగలిగే పిడికెడైనా ఉందా?