అవ్వ పక్కన కేసీయో చుట్టిన శనివారాలు

అమెరికాలో, అరిజోనాలోని చాండ్లర్‌కి వచ్చిన కొత్తలో నాకు జున్ను మీదికి మనసు పోయింది. ఇండియన్ స్టోర్లలో జున్నుపాలు దొరకలేదు. ఊరికి దక్షిణాన, ఇళ్లు అయిపోయి పశుగ్రాసం పొలాలు మొదలయ్యే చోట, ఒక మెక్సికన్ కుటుంబానికి డెయిరీ ఉందని తెలిసింది. ఒక శనివారం పొద్దున్నే మా ఆయన్ని బయల్దేరదీశాను.

"అక్కడికెళ్లి ఏమని అడుగుతావ్?" అన్నాడు కార్ పార్క్ చేస్తూ.

"ఆవు ఈనితే మొదటి పాలు ఇవ్వమంటాను. అడిగితే పోయేదేముంది?"

"నువ్వే అడుగు తల్లీ. నేను కార్‌లో ఉంటా."

కౌంటర్ దగ్గర ఆ ఇంటి కోడలు ఉంది. అరిజోనాలోనే పుట్టి పెరిగిన మనిషి. నేను ఇంగ్లిష్‌లో అడిగింది విని నవ్వింది. "అవి దూడవి, మేము అమ్మం" అంది. నా ముఖం వాడిపోవడం చూసిందేమో, "మా అత్తగారు లోపల చీజ్ చేస్తోంది, వచ్చి చూడండి" అని తీసుకెళ్లింది.

స్టీలు బల్ల ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పొట్టి మనిషి, తలకి వలటోపీ, మోచేతుల దాకా తడి. గడ్డకట్టిన పాలముద్ద మీద వేడినీళ్లు పోసి, పిసికి, రెండు చేతులతో సాగదీస్తోంది. ముద్ద తెల్లటి పట్టీలా బల్ల పొడవునా సాగింది. ఉప్పు చల్లి, ఆ పట్టీని చేతికి చుట్టుకుంటూ ఉండ చేసింది. బజార్లో పూలమ్మాయి మూరలు కొలిచి మల్లెదండని చెండులా చుట్టినట్టే ఉంది. మెక్సికోలో వాళ్ల సొంత ప్రాంతం వహాకాలో ఈ చీజ్‌ని కేసీయో అంటారని కోడలు చెప్పింది. పెద్దావిడ ఒక ముక్క తెంపి నా నోటికి అందించింది. వెచ్చగా, కాస్త ఉప్పగా, పళ్ల కింద కిర్రుమంది. తర్వాత సింక్ వైపు చూపించి, చేతులు కడుక్కోమని సైగ చేసింది.

అప్పట్నుంచి ప్రతి శనివారం వెళ్లేదాన్ని. ఆమెకి ఇంగ్లిష్ రాదు, నాకు స్పానిష్ రాదు. మొదట్లో సైగలే. ఒకసారి వేడినీళ్లు చిందితే "అమ్మా, కాలింది!" అని అరిచాను. ఆమె నా చెయ్యి లాక్కెళ్లి చన్నీళ్ల కింద పెట్టి, వాళ్ల భాషలో గట్టిగా కోప్పడింది. తిట్టు అర్థమైనట్టే అనిపించింది. ఇక నేనూ తెలుగే మాట్లాడటం మొదలుపెట్టాను.

"అవ్వా, ఇది సాగడంలే చూడు."

"కాలియెంతె, మీహా" అంటూ ఇంకాస్త వేడినీళ్లు పోసేది.

కాలియెంతె అంటే వేడి అనీ, మీహా అంటే నా తల్లీ అన్నట్టనీ కోడలు చెప్పింది. మా అనంతపురంలో అమ్మమ్మనీ నానమ్మనీ అవ్వ అనే అంటాం. ఫ్రెండ్స్ ఇళ్లలో పార్టీలకి వెళ్తే గ్రీన్ కార్డ్ మాటలూ, ఇంటి లోన్ మాటలే. ఈ బల్ల దగ్గర మాత్రం మేనేజర్ మీద కోపం, పాడైన పులిహోర, రాత్రి వచ్చిన కల, ఏదైనా చెప్పేదాన్ని. ఆమె కూడా ఏవేవో చెప్పేది. ఇద్దరం ఒకరికొకరం అడ్డు రాకుండా మాట్లాడుకునేవాళ్లం.

రెండో ఏడు నాకు కడుపు నిలిచి, మూడో నెలలో పోయింది. ఎవరికీ చెప్పొద్దని మా ఆయనా నేనూ అనుకున్నాం. కొన్ని వారాలు డెయిరీకి వెళ్లలేదు. వెళ్లిన రోజు అవ్వ నా ముందుకి ఒక ముద్ద జరిపింది. సగం పట్టీ సాగదీసి ఆగిపోయాను.

"అవ్వా, బిడ్డ నిలవలేదు. మా అమ్మకి కూడా చెప్పలేదు."

ఆ ముద్ద చల్లారితే గట్టిపడి పనికిరాదు. అందుకే అవ్వ మధ్యలో ఎప్పుడూ చెయ్యి తీసేది కాదు. ఆ రోజు తీసింది. ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుని, నా తల తన భుజానికి ఆనించుకుని, మెల్లగా, చాలాసేపు ఏదో చెప్పింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. కోడలు తలుపు దాకా వచ్చి, మమ్మల్ని చూసి, చప్పుడు కాకుండా వెనక్కి వెళ్లిపోయింది. బల్ల మీద ఆ పూట చీజంతా రాయిలా బిగిసింది.

కార్ దాకా నాతో వచ్చి కోడలు అడిగింది, "మా అత్తగారు ఏం చెప్పిందో చెప్పనా?"

"వద్దు" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అప్పటికే నాకు అందాల్సింది అందినట్టుంది.

ఆ తర్వాతి ఏడాది చుట్టూ పొలాలు ఇళ్లయ్యాయి. అవ్వ కొడుకు ఆవుల్ని అమ్మేశాడు. అవ్వ వహాకాలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లేముందు నా రెండు చేతులూ తిప్పి తిప్పి చూసి, ఏదో అని నవ్వింది. పని వచ్చిన చేతులంటోందని కోడలు చెప్పింది.

మా పాప పుట్టాక కోడలు వీడియో కాల్ కలిపింది. అవ్వ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది, చిక్కిపోయింది. పాపని చూపించాను. ఆమె కళ్లు తుడుచుకుంది. తర్వాత ఆమె ఏదో అంది, నేనూ ఏదో అన్నాను. చేతుల్లో పని లేకపోయేసరికి నా తెలుగు ఆమెకీ, ఆమె స్పానిష్ నాకూ మొదటిసారి అర్థం కాలేదు. నవ్వుకుంటూ చాలాసేపు ఒకరినొకరం చూసుకున్నాం. ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్లి స్టవ్ మీద నీళ్లు పెట్టాను. ఎందుకు పెట్టానో గుర్తు రాలేదు. అవి మరిగేదాకా అక్కడే నిలబడ్డాను.